పదకొండు మిల్లీమీటర్ల ముక్క

"ఒకటి!"

అత్తగారి అరచెయ్యి పసివాడి వీపు మీద పడింది. ఏడుపు లేదు. కనీసం దగ్గు కూడా లేదు.

"రెండు! మూడు!"

సరిగ్గా అప్పుడే కోడలు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. రాని బస్సు కోసం గంటసేపు నిలబడ్డాక, ఫ్యాక్టరీ గేటు పాసు మరిచిపోయానని గుర్తొచ్చి, బస్‌స్టాప్ నుంచి ఆయాసపడుతూ వెనక్కి వచ్చింది. ఎదురుగా ఆమె పది నెలల కొడుకు, ఇంటిల్లిపాదీ ముద్దుగా గుండుగాడు అని పిలుచుకునే వాడు, అత్తగారి ముంజేతి మీద బోర్లా ఉన్నాడు. తల కిందికి వాలి ఉంది. పెదాలు నీలంగా మారాయి.

"ఏం చేస్తున్నారత్తయ్యా!"

"అడ్డం రాకు! నాలుగు! ఐదు!"

వాడి నోట్లోంచి ఏదో ఎగిరి నేల మీద పడింది. దొర్లుకుంటూ వచ్చి కోడలి చెప్పుకు తగిలి ఆగింది. మరుక్షణం గుండుగాడు గుక్కపెట్టి ఏడ్చాడు. ఆ ఇంట్లో ఏ పాటా ఎవరి చెవికీ అంత తీయగా తగలలేదు.

పక్క గదిలో నిద్రపోతున్న అత్తగారి కొడుకు, గుండుగాడి తండ్రి, బనీనుతోనే పరుగెత్తుకొచ్చాడు. రాత్రి డ్యూటీ దిగిన బస్సు డ్రైవరు. కళ్ళు ఇంకా సగమే తెరుచుకున్నాయి. పిల్లవాణ్ణి ఎత్తుకుని, వీధి చివర డాక్టరమ్మ దగ్గరికి చెప్పులు లేకుండానే పరుగు తీశాడు. వెనకే కోడలు. అరగంట తర్వాత డాక్టరమ్మ స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి, "ప్రమాదం లేదు. గొంతులో ఏమీ మిగల్లేదు. వీపు చరిచింది ఎవరు?" అని అడిగింది.

"మా అమ్మండీ. ప్రసూతి వార్డులో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసింది."

"ఆవిడ చేతులకి దణ్ణం పెట్టుకోండి. ఇంకో నిమిషం ఆలస్యమైతే..." అంది డాక్టరమ్మ.

కోడలికి ఆ మాట సగమే చెవికెక్కింది. చీర కొంగుకి ముడేసి దాచిన ముక్క మీదే ఉంది ఆమె ధ్యాసంతా.

ఇంటికి రాగానే ముడి విప్పి, ఆ ముక్కని బల్ల మీద పెట్టింది. క్యారెట్. బొటనవేలితో గట్టిగా నొక్కింది. గోరు కూడా దిగలేదు.

"ఇది వాడి నోట్లోకి ఎలా వెళ్ళింది?"

మామగారు వరండాలో తన కుర్చీలో, తల వంచుకుని ఉన్నారు. అత్తగారు నీళ్ళ గ్లాసు అందుకున్నారు.

కోడలు ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, దాని మీద అంటించిన కాగితాన్ని వేలితో టకటకా కొట్టింది. బోల్టుల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగం ఆమెది. ప్రసవం సెలవు, దానికి కలిపి పెట్టిన సెలవూ అయిపోయి సోమవారమే మళ్ళీ పనిలో చేరింది. చేరే ముందురోజు కూర్చుని, వాడు చేత్తో పట్టుకుని తినగల తిండి గురించి ఒక పట్టిక రాసింది. సోమవారం అరటిపండు, మంగళవారం గుమ్మడికాయ, బుధవారం క్యారెట్. ద్రాక్షపండ్లయితే నిలువునా నాలుగు ముక్కలు. ఉప్పు వద్దు, పంచదార వద్దు, గింజలు అసలే వద్దు.

"ఏం రాశాను ఇక్కడ? పెద్దవాళ్ళ చిటికెన వేలంత పొడుగు. పావుగంట ఆవిరి మీద ఉడకాలి. రెండు వేళ్ళ మధ్య నొక్కితే చితికిపోవాలి. ఇది చితుకుతోందా? పొడుగుందా?"

"అరవకు, వాడు పడుకున్నాడు," అన్నాడు కొడుకు.

"అరవకుండా ఎలా ఉండమంటారు? అత్తయ్యకి మొదటి నుంచీ ఈ పద్ధతి ఇష్టం లేదు. పళ్ళు రానివాడికి ముక్కలేంటి, గుజ్జు చేసి పెడితే పోయేదానికి అని నాలుగు రోజులుగా సణుగుతూనే ఉన్నారు. పెద్ద ముక్క చూసి భయమేసి, చిన్నగా తరిగేసి ఉంటారు!"

కొడుకు అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. "అమ్మా, నువ్వయినా చెప్పు. నువ్వు కాదు కదా?"

అత్తగారు ఒక్కసారి వరండా వైపు చూశారు. ఆ చూపు కళ్ళు మూసి తెరిచేంత సేపే నిలిచింది.

"నేనే," అన్నారు. "నేనే తరిగాను, నేనే పెట్టాను. ఇప్పుడేమంటావు?"

వరండాలో కుర్చీ కిర్రుమంది.

"ఇలా అయితే వాణ్ణి మీ దగ్గర వదిలి నేను పనికెలా వెళ్ళను? రేపే శిశు సంరక్షణ కేంద్రంలో చేర్పిస్తాను."

"చేర్పించు. నేను పెద్దమ్మాయి ఇంటికి పోతాను. అక్కడ వేళ్ళు కొలిచి వడ్డించేవాళ్ళు లేరు." అత్తగారు గదిలోకి వెళ్ళి, మంచం కింద నుంచి సంచీ లాగారు. ఒక్కో చీరా దులిపి, మడిచి లోపల పెడుతున్నారు. కోపంగా ఉన్నవాళ్ళెవరూ చీరల్ని అంత నెమ్మదిగా మడవరు.

అదే కోడలికి మొదట అనుమానం పుట్టించింది.

ఆమె వంటగదిలోకి వెళ్ళింది. పొయ్యి మీద ఆవిరి గిన్నె ఇంకా ఉంది. అడుగున, తను పొద్దున పోసిన నీళ్ళు దాదాపు అలాగే ఉన్నాయి. పావుగంట మరిగితే సగం పోవాలి. అంటే ఎవరో ఐదు నిమిషాలకే మంట ఆర్పేశారు. పక్కనే పిల్లవాడి గిన్నె. అందులో మిగిలిన ముక్కలు తొమ్మిది.

వాటిని ప్లేటులో వరసగా పేర్చింది.

రోజుకి కొన్ని వేల బోల్టుల్ని చూసే కళ్ళు అవి. చేత్తో తరిగిన ముక్కల్లో ఏ రెండూ ఒకేలా ఉండవని ఆమెకి తెలుసు. ఈ తొమ్మిదీ అచ్చులో పోసినట్టు ఒకే కొలతలో ఉన్నాయి. పైగా అంచులన్నీ గుండ్రంగా, నున్నగా తీర్చి ఉన్నాయి. మాత్రల్లా ఉన్నాయి. పసివాడి గొంతుకి సరిగ్గా బిరడాలా సరిపోయే మాత్రలు.

అత్తగారు టమాటా తరిగితే ఒక చెక్క అంగుళం, ఇంకో చెక్క గోరంత. ఇది ఆవిడ చెయ్యి కాదు. ఏ వంటగది చెయ్యీ కాదు.

ప్లేటు పట్టుకుని వరండాలోకి నడిచింది.

మామగారు నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేశారు. నిరుడు కొట్టు మూసేశాక పనిముట్ల పెట్టెకి తాళం పడింది. అప్పటి నుంచి ఆయన భోజనానికి తప్ప నోరు తెరిచింది తక్కువ. ఈ రోజు ఆ పెట్టె మూత తెరిచి ఉంది. పక్కనే సన్నటి ఆకురాయి, దాని పళ్ళ మధ్య నారింజ రంగు పొడి. రెండు దవడల మధ్య పెట్టి సన్నటి కొలతలు తీసే ఇత్తడి వెర్నియర్, మర బిగించింది బిగించినట్టే ఉంది. కోడలు వంగి చూసింది. పదకొండు మిల్లీమీటర్లు.

తొమ్మిది ముక్కల్లో ఒకటి తీసి దాని దవడల మధ్య పెట్టింది. వెంట్రుక వాసి తేడా లేకుండా కూర్చుంది.

మామగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

గుమ్మంలో అడుగుల చప్పుడు. కొడుకు వస్తున్నాడు, వెనకే సంచీతో అత్తగారు. ఒక్క క్షణం. కోడలు ఆ ముక్కతో పాటు ప్లేటులో ఉన్నవన్నీ కొంగులోకి ఒంపుకుని, ఆకురాయిని పెట్టెలోకి తోసేసింది. వెర్నియర్ మర వదులు చేసి, దవడలు పూర్తిగా తెరిచేసింది. కొలత చెరిగిపోయింది. సాక్ష్యం లేదు.

మామగారు అది చూశారు.

"ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాడు కొడుకు.

"మామయ్యతో పని పడింది." కోడలు చాప మీద కూర్చుంది. గొంతులో ఇందాకటి కేక మచ్చుకైనా లేదు. "మామయ్యా, తప్పు నాది కూడా ఉంది. ఫ్యాక్టరీలో గోడకి కాగితం అంటించినట్టు ఇంట్లో అంటించాను. ఏం చెయ్యాలో రాశాను కానీ, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. పెద్ద ముక్కయితే వాడు గుప్పిట్లో పట్టుకుంటాడు. పైకి మిగిలిన కొసని చిగుళ్ళతో చిదిమి తింటాడు. మెత్తగా ఉంటే నోట్లోనే నలిగిపోతుంది. చిన్నగా, గట్టిగా, గుండ్రంగా ఉన్నదే ప్రమాదం. తెలియనివాళ్ళకి అదే పెద్ద జాగ్రత్తలా కనిపిస్తుంది."

గదిలోంచి గుండుగాడి కూత వినిపించింది. లేచాడు. ఏం జరగనట్టు ఆకలేస్తోందని గోల. అత్తగారు సంచీ గుమ్మంలో పడేసి వాణ్ణి తెచ్చారు. కోడలు గుమ్మడికాయ ముక్క ఒకటి, నొక్కితే వెన్నలా నలిగేంతగా ఉడికించి, వాణ్ణి నిటారుగా కూర్చోబెట్టి చేతికిచ్చింది. వాడు గుప్పిట బిగించి, కొసని చిగుళ్ళతో కొరికి, చప్పరించి, మిగిలినదాన్ని తాతగారి మోకాలికి పూశాడు.

మామగారు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆ ముక్క వాడి నోట్లో కరిగిపోయేదాకా రెప్ప వెయ్యలేదు.

"రేపటి నుంచి ముక్కలు కోసే పని మీదే," అంది కోడలు, తన చిటికెన వేలు వెర్నియర్ దవడల మధ్య పెట్టి. "ఇదిగో కొలత."

"వేలు వంకరగా ఉంది," అన్నారాయన అలవాటుగా. తర్వాత గొంతు సవరించుకుని, "అర మిల్లీమీటరు అటూ ఇటూ అయితే పరవాలేదా?"

"ఐదయినా పరవాలేదు. మెత్తగా ఉంటే చాలు."

"మెత్తబడితే కోత శుభ్రంగా రాదు తల్లీ. అందుకే..."

ఆగిపోయారు. కొడుకు తలెత్తాడు. అత్తగారు గబుక్కున, "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మీరెందుకండీ మాట్లాడటం? నేనని చెప్పాను కదా, అయిపోయింది!" అన్నారు.

"అవలేదు." మామగారు కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. "పొద్దున పెట్టె తెరిచిన చప్పుడు విని, నువ్వు బట్టలారేస్తూ నవ్వుకున్నావు. నేను చూశాను. ఏడాది తర్వాత నా చేతికి పని దొరికిందని నీకు సంతోషం. నిన్న ఆ గుమ్మడి ముక్క చూసి నాకేమో గుండె ఆగింది. అంత చిన్న నోట్లోకి అంత పొడుగా! వాడు ఆవలించినప్పుడు నోరు కొలిచాను. మూలలు గుచ్చుకుంటాయని అరగదీశాను. ఊపిరాడక వాడు నా కళ్ళెదుటే కొట్టుకుంటుంటే నా కాళ్ళు కదల్లేదు. నిన్ను పిలవడం ఒక్కటే చేతనయింది."

ఆయన కళ్ళు ధారలు కట్టాయి. వంగి, సంచీలోంచి పై చీర తీసి భార్య చేతికిచ్చారు.

"ముప్పై ఎనిమిదేళ్ళుగా నా తప్పులు నీ నెత్తిన వేసుకున్నావు. ఈ ఒక్కటీ నాకు వదిలెయ్యి."

కొడుకు వైపు తిరిగారు.

"ఆ క్యారెట్ కోసింది మీ అమ్మ కాదురా. నేను."