బొమ్మ ఆగిపోయిన రోజు

"డిష్ తిప్పడానికి మెకానిక్ వస్తే వెనక్కి పంపేశావటగా?" చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ అడిగింది కూతురు.

తల్లి టీవీ మీంచి చూపు తిప్పలేదు. "బొమ్మ బాగానే వస్తోందిగా."

"మధ్యాహ్నం దాకానే! ఆ ఉపగ్రహం ముసలిదైపోయిందమ్మా. ఇంధనం అడుగంటింది. ఇవాళ ప్రసారాలు ఆపేసి, రేపట్నుంచి మిగిలిన కాస్త ఇంధనంతో వేరేవాటికి అడ్డు లేకుండా దాన్ని ఇంకా పైకి నెట్టేస్తాం. అందరూ డిష్‌లు కొత్తదానివైపు తిప్పించుకున్నారు, నువ్వు తప్ప."

"తిప్పించుకోనీ."

కూతురికి ఒళ్లు మండిపోయింది. "పొద్దస్తమానం ఆ సీరియళ్లే! ఇంట్లో మనిషితో ఒక్క మాటుండదు."

"మనిషి ఇంట్లో ఉంటే కదా!" తల్లి గొంతు లేచింది. "ఆకాశంలో ఉన్నదాన్ని కంటికి రెప్పలా చూసుకుంటావు. అది కాస్త పక్కకి జరిగితే పరుగెడతావు. పక్కగదిలో నేను ఎటు జరిగితే ఎవరిక్కావాలి?"

కూతురు తలుపు ధడాలున వేసుకుని వెళ్లిపోయింది.

కంట్రోల్ రూమ్‌లో ఆమె ఎదుట అంకెలు మెరుస్తున్నాయి. పదిహేనేళ్లుగా ఆ ఉపగ్రహాన్ని దాని చోటునుంచి కదలనివ్వకుండా కాపాడింది ఈ కుర్చీలోంచే. ఎన్ని ఇళ్లకు సందడి పంపిందో! తనకు మాత్రం ఈ కుర్చీలో తోడెవరూ లేరు.

ఫోన్ మోగింది. తల్లి.

"కొత్తదాన్ని నువ్వే చూస్తావా?"

"కాదమ్మా. వేరే ఊళ్లో వాళ్లు."

"మరి అదెందుకే నాకు?" అంది తల్లి. "ఆ సీరియళ్ల కథ ఒక్కటి చెప్పమను, చెప్పలేను. బొమ్మ వస్తోందంటే అక్కడ నువ్వు క్షేమంగా ఉన్నావని అనుకునేదాన్ని. వానకి బొమ్మ చెదిరితే, నీకేమైందోనని ప్రాణం కొట్టుకునేది."

కూతురు ఇన్నాళ్లూ తల్లి టీవీ చూస్తోందనుకుంది.

"ఇక ప్రసారం ఆపమ్మా," అన్నారు పక్కన నిలబడ్డ పెద్దసారు. ఆమె కమాండ్ పంపింది.

కాసేపటికి ఫోన్‌లో సన్నగా వినిపించింది. "బొమ్మ పోయిందే."

"అమ్మా, ఫోన్ పెట్టేయకు. లైన్లోనే ఉండు."

ఆ పూటకి సెలవడిగి బయటపడింది. దారంతా ఫోన్ చెవి దగ్గరే ఉంది. ఒకరి ఊపిరి ఒకరు వింటూ ఉండిపోయారు.

ఇంటికి చేరేసరికి తల్లి గుమ్మంలోనే నిలబడి ఉంది. కూతురు ఎదురుగా వచ్చి నిలబడ్డా, ఫోన్ చెవినుంచి తియ్యలేదు.

"వచ్చేశావా?" అంది అందులోకే.

"వచ్చేశానమ్మా," అంది కూతురు. తనూ ఫోన్‌లోకే.