మోగకూడని సైరన్

గవర్నర్‌పేటలో ఆ ఉదయం ఒక కారు అలారం చాలాసేపు మోగింది. లాడ్జి ముందు ఆగి ఉన్న తెల్లకారు అది. పక్కనున్న హోల్‌సేల్ షాపులవాళ్ళు ఒకసారి తలెత్తి చూశారు, విసుక్కున్నారు, మళ్ళీ బేరాల్లో పడిపోయారు. కారు అలారం మోగితే దొంగ వచ్చాడని ఈ రోజుల్లో ఎవరూ అనుకోరు. ఏ పిల్లో బానెట్ మీదకి దూకి ఉంటుందనుకుంటారు.

ఆ మోతలోనే లాడ్జి రెండో అంతస్తులో తుపాకీ పేలింది. ఎవరికీ వినపడలేదు.

గది ఊడవడానికి వచ్చినావిడ తలుపు తోసేసరికి జాన్సన్ మంచం పక్కన బోర్లా పడి ఉన్నాడు. లాడ్జివాళ్ళకి తెలిసినంతవరకు అతనొక మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో మాత్రం అతన్ని మించిన ఏజెంట్ లేడని పేరు.

సాయంత్రం కావస్తుండగా ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డులో ఏజెంట్ మణికుమార్ ఆ వార్త విన్నాడు. ఒంటిమీద ఖాకీ చొక్కా, చేతులకి గ్రీజు. కారు అలారాలు బిగించే మెకానిక్‌గా చెలామణి కావడానికి నెల రోజులు నిజంగానే ఆ పని నేర్చుకున్నాడు. జాన్సన్‌తో కలిసి ఎన్నో ఆపరేషన్లు చేశాడు. నిన్న రాత్రే ఇద్దరూ ఒకే బండి దగ్గర పునుగులు తిన్నారు.

"కూర్చో మణీ," అంది సంపూర్ణమ్మ. డిపార్ట్‌మెంట్ దక్షిణ విభాగానికి ఆవిడ చీఫ్. చూడ్డానికి పెళ్ళిళ్ళలో వడ్డనలు దగ్గరుండి చూసుకునే పెద్దావిడలా ఉంటుంది. "చివరి మెసేజ్ ఇది. విను."

ఫోన్‌లో జాన్సన్ గొంతు. ఆయాసపడుతున్నాడు. "మేడం, హార్బర్ సెవెన్ వాళ్ళ టార్గెట్ ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్. షిఫ్ట్ ఇన్‌చార్జి రామకోటేశ్వరరావు కారు. అలారం సైరన్ ఊడదీసి, దాని తీగకి బాంబు కలిపారు. మొదటిసారి కాదు మేడం, రెండో..."

అక్కడ కారు అలారం మోత గొంతుని మింగేసింది. తర్వాత ఇంకేమీ లేదు.

హార్బర్ సెవెన్ విదేశీ ముఠా. ఏ దేశానికి పనిచేస్తుందో డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు, పైకి అనరు.

"అలారమే ఎందుకు మేడం?"

"ప్లాంటులో ఫోన్ జామర్లున్నాయి. దూరం నుంచి పేల్చడం కుదరదు. అందుకని కారుకే ఆ పని అప్పజెప్పారు. ఆయన కంట్రోల్ రూమ్ గోడ పక్కనే కారు పెట్టి, లాక్ చేసి లోపలికి పోతాడు. కాసేపటికి బొగ్గు రైలొస్తుంది. నేల అదురుతుంది. అప్పుడు అలారం ఏం చేస్తుంది?"

"షాక్ సెన్సర్ ఆ అదురు పట్టుకుంటుంది. ఎవరో కారు మీద చెయ్యేశారనుకుంటుంది. కంట్రోల్ బాక్స్ సైరన్ తీగలోకి కరెంటు వదుల్తుంది. సైరన్ బదులు..."

"అంతే. షిఫ్ట్ మొత్తం పోతుంది. దాంతోపాటు సగం జిల్లా చీకటవుతుంది. ఆయన ఫోన్ ఎత్తట్లేదు. ఇంట్లోంచి బయల్దేరిపోయాడు. పద."

ఆవిడ లేచాక ఆగింది. "క్రిస్టినాకి కబురు పెట్టాను. హార్బర్ సెవెన్ వాళ్ళ షోరూమ్‌లో మనకున్న మనిషి తనొక్కతే."

బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ కెమెరాలో రామకోటేశ్వరరావు బూడిదరంగు కారు దొరికింది. ఒక షాపింగ్ కాంప్లెక్స్ సెల్లార్‌లోకి దిగింది కానీ మళ్ళీ పైకి రాలేదు. బాంబ్ స్క్వాడ్ వస్తున్నారు, కానీ సాయంత్రం ఆ సర్కిల్ దాటి రావాలంటే ఎవరికైనా టైము పడుతుంది. సంపూర్ణమ్మ ర్యాంపు దగ్గర పార్కింగ్ టోకెన్లిచ్చే కుర్చీలో కూర్చుని, వచ్చే బండ్లని వెనక్కి పంపడం మొదలెట్టింది. మణికుమార్ టూల్స్ సంచీ పట్టుకుని కిందికి దిగాడు.

భయం అతనికి కొత్త కాదు. బందరు దగ్గర చేపలవేటకి పోయే ఇంట్లో పుట్టాడు. కానీ సముద్రం మీద భయం ముందుగా మబ్బులా కనపడుతుంది, పడవ తిప్పుకోవచ్చు. ఇక్కడ ఏమీ కనపడదు. ట్యూబ్‌లైట్లు, స్తంభాలు, వరసగా కార్లు. మూలన బూడిదరంగు కారు. అద్దం వెనక ఎర్ర లైటు మెల్లగా వెలిగి ఆరుతోంది.

అలారం ఆన్‌లో ఉంది. కారు కాపలా కాస్తోంది.

చొక్కా జేబులోని పెన్ను తీసి దూరంనుంచే గాలిలోకి పెట్టాడు. పేలుడు మందు వాసన పట్టడానికి టెక్నికల్ వింగ్ ఇచ్చిన స్నిఫర్ అది. మూతి ఎర్రబడింది. ఇంకో అడుగు వేశాడు. కాలు అక్కడే ఆగిపోయింది.

వెనక సీట్లో ఒక పెద్దావిడ నిద్రపోతోంది. అద్దం వేలెడంత దించి ఉంది.

"మేడం," గొణిగాడు, కాలర్‌లోని మైక్రోఫోన్‌లోకి. "కారులో మనిషి ఉంది."

"తలుపు తెరవలేవా?" అడిగింది సంపూర్ణమ్మ.

"తెరవకూడదు. ప్రతి తలుపుకీ స్విచ్ ఉంటుంది, తెరిస్తే బాక్స్‌కి తెలుస్తుంది. బానెట్‌కీ ఉంటుంది. బ్యాటరీ తీగ కోసినా లాభం లేదు. దొంగలు ముందు కోసేది అదే కదా, అందుకే సైరన్‌కి వేరే చిన్న బ్యాటరీ ఉంటుంది. మెయిన్ కరెంటు పోగానే దాంతో సైరన్ మోగుతుంది. ఆ బ్యాటరీని ఇప్పుడు బాంబుకి కలిపే ఉంటారు. అద్దం తట్టినా షాక్ సెన్సర్ ఊరుకోదు."

"నీ దగ్గర రిమోట్ కాపీ చేసే మెషీన్ ఉందిగా?"

"పనికిరాదు మేడం. రోలింగ్ కోడ్. రిమోట్ నొక్కిన ప్రతిసారీ కొత్త కోడ్ పోతుంది. పాతది పంపిస్తే కారు పట్టించుకోదు. ఆయన చేతిలో ఉన్న రిమోటే కావాలి."

లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. ఒక చేతిలో స్వీట్ల డబ్బా, ఇంకో చేతిలో తాళాలతో రామకోటేశ్వరరావు బయటికొచ్చాడు. అందరూ చేసే పనే ఆయనా చేశాడు. కారు కనపడగానే రిమోట్ ఉన్న చెయ్యి ముందుకి చాచాడు.

ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో ఇంకా తెలియదు. మణికుమార్ పరిగెత్తాడు. బొటనవేలు బటన్ మీద పడేలోపు ఆ మణికట్టు పట్టుకున్నాడు. స్వీట్ల డబ్బా నేలమీద పడింది.

"ఏయ్! ఎవడ్రా నువ్వు? దొంగ! దొంగ!"

"సార్, పోలీసుని. అరవొద్దు. మీ కారులో బాంబుంది."

ఆయన కారు వైపు తిరిగాడు. "రావమ్మ..." అన్నాడు. "లోపల మా ఆవిడుందయ్యా!"

ఆ కేకకి రావమ్మకి మెలకువ వచ్చేసింది.

మణికుమార్ అద్దం సందు దగ్గరికి వెళ్ళి, కారుకి ఒళ్ళు తగలకుండా వంగాడు. ఆవిడ చెయ్యి అప్పటికే తలుపు గొళ్ళెం వైపు పోతోంది.

"అమ్మా! కదలొద్దు. మీకు దణ్ణం పెడతాను, చెయ్యి తియ్యండి."

"ఎవరు బాబూ నువ్వు? మా ఆయన్నెందుకు పట్టుకున్నావు?"

"అలారం మోగితే కారు పేలిపోతుందమ్మా. తలుపు ముట్టుకోకండి. వెనక్కి కూడా వాలొద్దు. అలాగే కూర్చోండి."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. అందులో ఏం కనపడిందో, చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "ఏవండీ, మీరు దూరం పోండి," అంది భర్తతో. ఆయన పోలేదు.

వెనక హైహీల్స్ చప్పుడయింది.

నేవీ బ్లూ సూటు, భుజాల మీద విరబోసిన జుట్టు, ఆ మసక సెల్లార్‌లో కూడా నల్లకళ్ళద్దాలు. ముఠా నడిపే కార్ యాక్సెసరీస్ షోరూమ్‌కి ఆమె సేల్స్ హెడ్. ఏడాదిగా డిపార్ట్‌మెంట్‌కి సమాచారం ఇస్తున్న డబుల్ ఏజెంట్. మణికుమార్ ఆమెని ఫొటోలోనే చూశాడు.

"రొయ్యలు దొరుకుతాయాండీ ఇక్కడ?" అడిగాడు. కోడ్ ప్రశ్న.

"ఉప్పునీటివా, మంచినీటివా?" అంది క్రిస్టినా. సరైన జవాబే. "టైము లేదు మణికుమార్ గారూ. నేను ఆ సర్క్యూట్ చూశాను. అలారం మోగితేనే పేలుతుంది. రిమోట్‌తో అన్‌లాక్ కొట్టేయండి, అయిపోతుంది."

రామకోటేశ్వరరావు ఆమెని గుర్తుపట్టాడు. "అమ్మాయ్, నువ్వేగా ఈ అలారం ఫ్రీగా పెట్టించావు! మధ్యాహ్నం సర్వీసింగ్ చేసి కారు ఇంటికి పంపినప్పుడు, డ్యూటీకి వెళ్ళేదాకా రిమోట్‌తో లాక్ చెయ్యొద్దన్నారు మీవాళ్ళు. అలవాటు కొద్దీ ఇక్కడ చేసేశాను."

"పర్లేదు సార్. అన్‌లాక్ కొట్టండి."

ఆమె గొంతు నిలకడగా ఉంది. చెప్తూ చెప్తూనే రెండడుగులు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వేసింది. ఇప్పుడు ఆమెకీ కారుకీ మధ్య లావుపాటి కాంక్రీటు స్తంభం ఉంది.

మణికుమార్ ఆ స్తంభాన్ని చూశాడు. ప్రమాదం లేకపోతే దాని చాటుకి ఎందుకు పోవాలి?

"సార్," అన్నాడు ఆమె మీదనుంచి చూపు తిప్పకుండా. "ఇంతకుముందు మీరు లాక్ చేస్తే ఏమయ్యేది?"

"కుయ్ మని ఒక కూత. అన్‌లాక్ చేస్తే రెండు కూతలు. ఇందాక లాక్ చేస్తే కూత రాలేదు, లైట్లు మాత్రం వెలిగాయి. వైరు ఊడిందేమో అనుకున్నాను."

జాన్సన్ గొంతు మళ్ళీ వినపడినట్టయింది. మొదటిసారి కాదు మేడం, రెండో...

ఆ కూతలు వచ్చేది కూడా సైరన్ తీగలోంచే. లాక్ చేసినప్పుడు తీగలోకి ఒకసారి కరెంటు వెళ్ళింది. బాంబు పేలలేదు, మేలుకుంది అంతే. రెండోసారి ఆ తీగలోకి ఏ కరెంటు వచ్చినా చాలు. దొంగ వచ్చినా, రైలొచ్చినా, యజమాని అన్‌లాక్ చేసినా!

జాన్సన్ ఉన్న లాడ్జి జాడ ముఠాకి చెప్పింది ఎవరో కూడా అతనికి అప్పుడే అర్థమైంది.

"మేడం," అన్నాడు మైక్‌లోకి. "క్రిస్టినా మన మనిషి కాదు."

ఆమె కళ్ళద్దాలు తీసింది. హీల్స్ అక్కడే వదిలేసి ర్యాంపు వైపు పరుగు తీసింది. మణికుమార్ వెంటపడలేదు.

"రిమోట్ ఇవ్వండి సార్."

తెల్లబోయిన మొహంతో ఆయన ఇచ్చాడు. మణికుమార్ చేతికి చెమట, బటన్లు జారిపోతున్నాయి. నాలుగు బటన్లు. మూసిన తాళం, తెరిచిన తాళం, డిక్కీ, నాలుగోది అడ్డగీత గీసిన గంట బొమ్మ. అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే పక్కవాళ్ళ నిద్ర చెడగొట్టకుండా ఉండడానికి పెట్టిన బటన్ అది. ముందు దాన్ని నొక్కి, వెంటనే అన్‌లాక్ నొక్కితే బాక్స్ సైరన్ తీగ జోలికి పోదు. లైట్లు మాత్రమే వెలుగుతాయి. ఆటోనగర్‌లో అతను బిగించిన అలారాలన్నీ అలాగే పనిచేశాయి.

ఈ బాక్స్‌ని కూడా ముఠావాళ్ళు మార్చి ఉంటే?

తెలుసుకునే దారి ఒక్కటే ఉంది. సాలోచనగా నిలబడే వ్యవధి కూడా దొరకలేదు. నాలుగు కార్ల అవతల ఒకతను హెల్మెట్ పెట్టుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని, బుల్లెట్ మీద కూర్చున్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. కాలు ఎత్తి కిక్ మీద పెట్టాడు. ఈ సెల్లార్‌లో బుల్లెట్ స్టార్టయితే గోడలే అదురుతాయి. షాక్ సెన్సర్ దాన్ని వదిలిపెట్టదు.

"ఆపు!" అరిచాడు మణికుమార్. అతనికి వినపడలేదు.

అద్దం అవతల రావమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

గంట బొమ్మ. వేలు జారింది. మళ్ళీ గంట బొమ్మ. తెరిచిన తాళం.

బుల్లెట్ డుగ్గుమంది.

కారు లైట్లు రెండుసార్లు వెలిగి ఆరాయి. అద్దం వెనక ఎర్ర లైటు మళ్ళీ వెలగలేదు. నలుగురు మనుషుల ఊపిరి, బుల్లెట్ మోత తప్ప సెల్లార్‌లో ఇంకే చప్పుడూ లేదు. బుల్లెట్ అతను వాళ్ళని వింతగా చూసి, పక్కనుంచి వెళ్ళిపోయాడు.

మణికుమార్ తలుపు తెరిచాడు. తెరుస్తున్నప్పుడు కూడా కళ్ళు మూసుకునే ఉన్నాడు. రావమ్మ చెయ్యి అందుకుని దింపాడు. ముగ్గురూ ర్యాంపు పైకి నడిచారు. పరిగెత్తాలని ఉంది గానీ ఆవిడ మోకాళ్ళు సహకరించలేదు.

పైన సంపూర్ణమ్మ టోకెన్ల కుర్చీలోనే కూర్చుని ఉంది. ఆవిడ కాళ్ళ దగ్గర క్రిస్టినా, చేతులకి బేడీలతో, చెప్పులు లేకుండా. ర్యాంపుకి అడ్డంగా పడి ఉన్న ఇనప గొలుసు చూస్తే ఏం జరిగిందో అడగక్కర్లేకపోయింది. బాంబ్ స్క్వాడ్ వ్యాన్ అప్పుడే గేటు తిరుగుతోంది.

"బాగా చేశావు మణీ," అంది ఆవిడ.

మణికుమార్ ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు. జాన్సన్ ఆ మాట పూర్తి చెయ్యకుండానే పోయాడు. సగం మాటతోనే ఇవాళ ఇంతమందిని బతికించాడు. అది తలచుకోగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంపూర్ణమ్మ చూసీ చూడనట్టు మొహం తిప్పుకుంది.

కాసేపటికి రామకోటేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు.

"నా షిఫ్ట్ టైమయిందండీ. కారు మీ దగ్గరే ఉంటుంది కదా. ఇబ్రహీంపట్నం ఎలా వెళ్ళాలంటారు?"

రావమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, భర్త వైపు ఒక చూపు చూసింది.

"బస్సులో వెళ్ళండి. దాన్నెవడూ దొంగతనం చెయ్యడు, అలారం గొడవుండదు."