దూలగొండి పొడి

శశిభూషణ్ మీద యామినికున్న ఫిర్యాదుల చిట్టా పొడుగే. అందులో అగ్రస్థానం మాత్రం మిక్సీ జారుది. పొద్దున్నే చట్నీ జారులో ఆయన ఏదో పొడి కొడతాడు. ఇక ఆ రోజంతా అల్లప్పచ్చడి కూడా మందులకొట్టు వాసనే. అడిగితే "అరుగుదలకి" అంటాడు. తొమ్మిదేళ్లుగా అరగనిదేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

వాసనల సంగతి ఆమెకు చెప్పాలా! విశాఖ ప్రయోగశాలలో మౌనలేపనానికి వాసన లేకుండా చేసింది ఆమే. ఆడది వారానికోసారి లోపల రాసుకుంటే చాలు, వీర్యకణాలు కదల్లేక పడిపోతాయి. రంగు లేదు, జిగురు లేదు, పక్కమనిషికి ఆనవాలే తెలియదు. మళ్లీ రాసుకోవలసిన రోజున చేతి గుర్తుగాజు లోపలివైపు నీలంగా మెరుస్తుంది. రాసుకుంటున్నావా అని ఆడవాళ్లను ఎవరడిగినా, కట్టుకున్నవాడడిగినా, నేరమంటూ చట్టం కూడా వచ్చింది. పేరంటాల్లో "ఏమ్మా, విశేషమా?" అన్న మాట మాయమైంది. 2071 నాటికి విజ్ఞానం ఆపలేకపోయింది మిక్సీ చప్పుడొక్కటే.

పెళ్లయిన ఏడాదికి ఆ లేపనాన్ని ఆమె ముందు తనమీదే పరీక్షించుకుంది. పరీక్షలు కాగానే ఆయనకు చెబుదామనుకుంది. తర్వాత, అనుమతులొచ్చాక చెబుదామనుకుంది. ఆ తర్వాత మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. రాసుకోవడం మాత్రం మానలేదు. ఊరంతా మెచ్చుకున్న రహస్యంతో ఆమె ఆయన పక్కనే ఒంటరిగా పడుకునేది.

ఇవాళ ఆవాల డబ్బా కోసం వెతుకుతుంటే అర వెనక పొట్లం దొరికింది. దూలగొండి గింజలు. పైన వైద్యుడి రాత: "పురుషులకు. సంతానార్థం. పూటకో చెంచా."

"ఏవండీ, అరుగుదలకేనా ఇది?"

జారు మూత బిగిస్తున్న శశిభూషణ్ నవ్వబోయి ఆగాడు.

"దొరికిపోయానా? నిన్నడగడానికి చట్టం ఒప్పుకోదాయె. అమ్మ పోయేదాకా ప్రతి ఫోన్‌లోనూ నన్నే అడిగేది. లోపం నాదేనమ్మా, యామినినేమీ అనకు అని చెప్పేశాను."

"పరీక్ష చేయించుకోవచ్చుగా?"

"భయమేసింది యామినీ. పిల్లలు పుట్టరని కాగితం మీద రాసిచ్చేస్తే, ఇక ఈ పొడి తాగే ఆశ కూడా ఉండదు కదా."

ఆయన మీట నొక్కాడు. మిక్సీ గోలపెట్టింది. ప్రశ్న లోకంలోంచి పోయిందనుకుంది తను. అది పోలేదు, వచ్చి ఈయన నెత్తిన కూర్చుంది. గాజు నీలంగా మెరిసింది. ఇవాళ రాసుకోవలసిన రోజు.

ఆమె ఏదో అంది.

"ఆఁ? ఏమన్నావ్?" అని కేకేశాడాయన.

"ఏం లేదు" అనడం తొమ్మిదేళ్ల అలవాటు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. ఆమె ప్లగ్గు పీకేసింది. గాజు తీసి, నీలం పైకి కనబడేలా గట్టుమీద పెట్టింది.

"మీలో ఏ లోపమూ లేదండీ. పెళ్లయిన ఏడాది నుంచీ నేనే లేపనం రాసుకుంటున్నాను, మీకు చెప్పకుండా. తప్పు నాది."