చిన్నబోయిన అక్షరాలు

"మావాడికి పార్కింగ్ జబ్బట!" ఆస్పత్రి నుంచి మనవరాలు చేసిన ఫోన్ పెట్టేసి నాయనమ్మ వీధికంతా వినిపించేలా అరిచింది. ఆవిడ చెవి మందం, గొంతు ఘనం. "సైకిలైనా లేనివాడికి పార్కింగేమిటే?"

"పార్కింగ్ కాదత్తయ్యా, బారు కింగు!" అంటూ కోడలు గిన్నె ఠప్పున దించింది.

ఆ ఇంట్లో చెయ్యి వణికితే సీసా వెతకడం ఆనవాయితీ. బోర్డులు రాసే మామగారికి నలభై దాటకముందే చెయ్యి వణికింది, నడక తడబడింది. ఊరు తాగుబోతంది. సీసా ఎన్నడూ దొరక్కపోయినా నాయనమ్మ ఊరి మాటే నమ్మింది. ఆయన పోయాక పటం బీరువా వెనక్కి పోయింది. ఇప్పుడు కొడుకుదీ అదే పని, అదే వణుకు.

తండ్రీకూతుళ్లు గడప దాటారో లేదో, కోడలు అడ్డు నిలిచింది. "సీసానా, నేనా? ఇవాళ తేలాలి!"

"నా దగ్గరున్నవన్నీ రంగు డబ్బాలేనే."

"డబ్బా కొట్టకండి!"

కూతురు పెరట్లో నీళ్లతొట్టి మీద మూతగా పడున్న తాతయ్య ఆఖరి బోర్డు ఈడ్చుకొచ్చింది. నిన్న కొట్టువాడు తిప్పి పంపిన నాన్న బోర్డు పక్కన నిలబెట్టింది. రెండిట్లోనూ మొదటి అక్షరం గుమ్మడికాయంత, చివరిది ఆవగింజంత.

"తాగినవాడి గీత వంకర పోతుందమ్మా. ఇక్కడ గీత తిన్నగానే ఉంది, కుంచే కుంచించుకుపోయింది. నాన్న చేత రాయించి చూసి డాక్టరమ్మ ఇదే చూపించింది. పార్కిన్సన్స్ అట. కొన్ని ఇళ్లల్లో చిన్నవయసులోనే, తరం వెంట తరానికి వస్తుందట. తాతయ్యదీ అదే అయ్యుండొచ్చంది. నయం కాదు గానీ, మందులతో చెయ్యి కుదురుకుంటుందట."

తల్లి మొహం పాలిపోయింది. "మరి నీకో?"

"రావచ్చు, రాకపోనూవచ్చు. వస్తే దాని పేరు తెలుసుగా! పాపం, తాతయ్యకి ఆ పేరే దొరకలేదు."

కోడలు కళ్లు తుడుచుకుని, భర్త చేతిని రెండు చేతుల్తో పట్టుకుంది. "అయితే ఇకమీదట రోజూ మందేనన్నమాట!"

"నీ చేత్తో ఇస్తేనే పుచ్చుకుంటా," అన్నాడతను. చాన్నాళ్లకి ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్వారు.

నాయనమ్మ బీరువా వెనకనుంచి పటం తీసింది. కొంగుతో దుమ్ము తుడిచింది. "తాగలేదే అని ఈయన మొత్తుకుంటూనే ఉండేవారు. అప్పట్లో చెవులు బాగానే ఉండేవి, అయినా నేనే విన్లేదు."

గోడ మీంచి పక్కింటావిడ తొంగిచూసింది. "పార్కింగ్ జబ్బేమిటి పిన్నిగారూ?"

"పార్కింగ్ కాదే, పార్కిన్సన్! మా ఆయన తాగుబోతు కాదు, జబ్బుమనిషి! వీధిలో అందరూ వినండర్రా!"

ఈసారి ఒక్క అక్షరమూ చిన్నబోలేదు.