నాలుగూ ఇరవైకి రెండు సున్నుండలు

‘దొరబాబు: మిగిలినవి 490’ అని వంటగది గోడమీది తిండిపలక చూపించగానే మంగతాయారుకు ఒళ్లు మండింది. ఆ అంకెకు పైన రోజూ ఉండే వరుసే మళ్లీ ఉంది. సాయంత్రం నాలుగూ ఇరవై. మినుములు, బెల్లం, నెయ్యి. రెండు సున్నుండలు. 410 కేలరీలు.

ఇలా ఇది ముప్పై మూడో రోజు. ఆదివారాలు మాత్రం నాగా. ఆదివారం మొగుడు ఇంట్లోనే ఉంటాడు కదా మరి!

ఆ కాలపు కాకినాడలో అన్నం తినే ప్రతి చేతికీ ఒక ఉంగరం ఉండేది. సర్కారు కాగితాల్లో దాని పేరు ‘ఆహారాంగుళీయకం’. అంత పేరుకు నోరు తిరగక జనం అన్నం ఉంగరం అనేశారు. వేళ్లు కలిపిన ముద్దలో ఏముందో, ఎంత ఉందో అది పసిగట్టి, చెయ్యి నోటిని తాకగానే లెక్కను ఇంట్లోని పలకకు పంపేది. మనిషికి రోజుకింతని సర్కారు పెట్టిన హద్దులో తిన్న ఇంటికి చౌకకొట్టులో సరుకులు సగం ధర. హద్దు దాటితే మూడు నెలలు నిండు ధర. సముద్రపు నాచు ఎండబెట్టే యార్డులో కూలి చేసే దొరబాబు ఇంట్లో నిండు ధర మాటెత్తితే ఇక పప్పూ ఉప్పూ మరిచిపోవలసిందే.

అందుకే తాయారు ఆ విద్యలో ఆరితేరింది. ఉలవలు మొలకెత్తించేది, చేపల తలకాయలు పులుసు పెట్టేది, తోటకూర కాడల్ని కూడా పారేసేది కాదు. తక్కువ ఖర్చులో బలమైన తిండి ఎలా వండాలో వీధివీధంతా వచ్చి ఆమెనే అడిగేవారు. అలాంటి ఇల్లాలి మొగుడికి ఎవత్తో నెయ్యి పోసి సున్నుండలు చుట్టి పెడుతోంది! రూపం చూడకపోయినా ఆ మనిషికి తాయారు నల్లంచు చీర కట్టింది, జడలో పూలు తురిమింది, చేతులనిండా గాజులు వేసింది. ఇక తెల్లవార్లూ ఆ గాజుల చప్పుడే చెవుల్లో.

“నిప్పు లేందే పొగ రాదమ్మా తాయారూ,” అంది ఎదురింటి సీతారత్నం. “ఈ రోజుల్లో నెయ్యి సున్నుండలు ఊరికే ఎవరు పెడతారు చెప్పు?”

దొరబాబు వచ్చాడు. చెప్పులు విడిచి, జేబులోంచి రుమాలు మూట తీశాడు.

“ఇదిగో తాయారూ, గుడ్డు. యార్డులో ఇచ్చారు.”

“రోజూ ఇవ్వడానికి అది యార్డా, కోళ్లఫారమా అండీ?”

“ఏదోలేవే. ఉడకబెట్టుకుని తిను. నీకు రక్తం తక్కువని డాక్టరమ్మ చెప్పింది కదా.”

తప్పు చేసిన మొగుడే తాయిలాలు తెస్తాడని తాయారుకు తెలియదా? అయినా గుడ్డు తినేసింది. కోపం కోపమే, గుడ్డు గుడ్డే.

పొద్దు కుంకేలోగా తినాలని పలక నియమం. తాయారు అన్నం తూచింది. పలక 490 పెట్టమంటే ఆమె మూడు వందలకే చెయ్యి ఆపింది. ‘అక్కడ మేపుతున్నారుగా!’ నెలరోజులుగా ఇదే వరస. పెట్టగా మిగిల్చిన అన్నాన్ని, అతను చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లగానే, వీధి కిటికీలోంచి కాకులకు వేసేది. బియ్యపుగింజ కింద పడితే ఏరుకునే మనిషి అన్నం కాకులకు వేసిందంటే కడుపుమంట ఎంతదో చూడండి.

దొరబాబు చిక్కిపోతున్నాడు. చొక్కా వదులైంది. అన్నం ఉంగరం జారిపోతోందంటే మొన్న తాయారే దానికి పసుపుదారం చుట్టి ఇచ్చింది. ‘రెండేసి సున్నుండలు తిని చిక్కడమేమిటి? మనసు అక్కడ పారేసుకున్నాడు, అదీ రోగం,’ అనుకుంది దారం పళ్లతో కొరుకుతూ.

మర్నాడు ఇక ఆగలేకపోయింది. గొడుగు చేతబట్టి నాలుగుంబావుకు యార్డుకు వెళ్లింది. నాచు దండేల మధ్య నుంచి నడిచి, రేకుల షెడ్డు వెనక్కి తొంగి చూసింది. నల్లంచు చీర లేదు. గాజులూ లేవు.

బోర్లించిన తొట్టిమీద మేస్త్రీ పేర్రాజు కూర్చుని సున్నుండ తింటున్నాడు. అతని చిటికెనవేలికి సగం దాకా దిగి బిగుసుకున్న ఉంగరం. దానికి పసుపుదారం.

ఎదురుగా దొరబాబు గొంతుకూర్చున్నాడు. అతని కళ్లు మేస్త్రీ చేతినుంచి నోటికీ, నోటినుంచి చేతికీ తిరుగుతున్నాయి. మేస్త్రీ మింగినప్పుడల్లా అతనూ గుటక వేస్తున్నాడు.

“నా హద్దు మధ్యానానికే నిండిపోద్దిరా దొరబాబూ,” అంటూ పేర్రాజు వేళ్లు నాకి, ఉంగరం లాగి తుడిచి ఇచ్చాడు. “నువ్వు లేకపోతే నా నోరు కట్టేసినట్టే. ఇదిగో, నీ గుడ్డు.”

“ఆయ్, మేస్త్రీగారూ,” అని దొరబాబు గుడ్డును రుమాల్లో జాగ్రత్తగా మూటకట్టాడు.

ఉంగరానికి ముద్ద సంగతి తెలుసు, వేలు ఎవరిదో తెలియదు. ఎవరి తిండి లెక్క వారిది కాక ఇంకెవరిదవుతుందని దాన్ని చేసినవాళ్లు అనుకుని ఉంటారు.

తాయారు చేతిలోంచి గొడుగు జారింది. నెలరోజులుగా తాను శాపనార్థాలు పెట్టిన సవతికి ఇంత బొజ్జా, బుర్రమీసాలూ ఉన్నాయి. మరొకప్పుడైతే పగలబడి నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు. తాను తిన్న గుడ్లన్నీ ఒక్కొక్కటిగా లెక్కకు వచ్చాయి.

“తాయారూ! నువ్వేంటే ఇక్కడ?”

తాయారు అతని చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. యార్డు గేటు దాటగానే అడిగింది.

“నాకు గుడ్డు కోసం మీ కడుపు అమ్ముకుంటారా? ఆకలేస్తోందని ఒక్కమాటైనా అనలేదేంటండీ?”

“అంటే పలక చూపించి, తిన్నావు కదా అంటావు. అప్పుడేం చెప్పను? నిజం తెలిస్తే నువ్వు గుడ్డు ముట్టవు.” అతను రుమాలు మూటను జేబులో సర్దుకుంటూ అన్నాడు: “రాత్రికి 490 ఎలాగూ ఉంటాయి కదా, సరిపెట్టుకోవచ్చనుకున్నాను. కొంచెం తక్కువగా అనిపించేదిలే. తిన్నాక పలక వైపు నేనెప్పుడు చూశాను? నీ చేతి తూకం తప్పదు కదా, 490 అంటే అంతేనేమో అనుకున్నాను.”



ఇంటికి రాగానే తాయారు తక్కెడ అటక మీద పారేసింది. కంచంనిండా అన్నం, ఉలవచారు, ఆ రోజు గుడ్డు కూడా పెట్టి ముందు కూర్చుంది. హద్దు దాటితే దాటనీ, నిండు ధరే పెడదాం, నాలుగిళ్లలో పాచిపని చేస్తాను అనుకుంది.

దొరబాబు ఆశగా కలిపాడు. నాలుగు ముద్దలు తిన్నాడు. ఐదోది చేతిలోనే ఆగిపోయింది.

“ఇక పట్టడం లేదే.”

“నామీద ఒట్టు, ఇంకొక్కటి.”

“నిజంగానే, తాయారూ. లోపలికి పోవడం లేదు.”

గోడమీద పలక పచ్చగా వెలిగింది. ‘దొరబాబు: మిగిలినవి 230. మితాహారం పాటిస్తున్నందుకు అభినందనలు.’

అప్పుడే వీధి కిటికీ దగ్గర రెక్కల చప్పుడైంది. ఒకటి, రెండు, ఆరు కాకులు. వేళ తప్పకుండా వచ్చి ఊచలమీద వరసగా కూర్చుని, తాయారు వైపే చూస్తూ అరవడం మొదలుపెట్టాయి.

“ఇవేంటే,” అన్నాడు దొరబాబు, ఐదో ముద్ద కంచంలో వదిలేసి, “ఈ వేళప్పుడు మనింటికి వచ్చాయి?”