ర్యామ్ డబ్బాలో ఇత్తడి గుండీ

"డబ్బా ఖాళీ!"

ఆ కేకకి ముందు గదిలో కుట్టుమిషన్ ఠక్కున ఆగింది. వంటింట్లో గరిటె కింద పడింది.

అమ్మాయి నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ విప్పిన అట్టపెట్టెలు, స్క్రూలు, సగం బిగించిన కంప్యూటర్. ఒళ్లో చిన్న ప్లాస్టిక్ డబ్బా. అందులో ఉండాల్సినవి జానెడైనా లేని రెండు ర్యామ్ స్టిక్కులు, అంటే కంప్యూటర్‌కి మెమరీ ముక్కలు. ఉన్నది ఒకే ఒక్క ఇత్తడి గుండీ.

అప్పటికి టైము పదిన్నర. సాయంత్రం ఆరులోపు ఆమె ఓ యానిమేషన్ స్టూడియోకి ట్రయల్ షాట్ పంపాలి. నచ్చితే ఉద్యోగం. పాత లాప్‌టాప్ ఆ ఫైలు తెరవగానే మూర్ఛపోతోంది. అందుకే ఏడు నెలలుగా, నెలకో భాగం కొంటూ తనే సొంతంగా కంప్యూటర్ కడుతోంది. మొట్టమొదట కొన్నది ర్యామ్. అప్పుడది చవక. చివరి భాగం ఇవాళ పొద్దున్నే కొరియర్లో వచ్చింది. ఈలోగా ర్యామ్ ధర నాలుగింతలైంది.

ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. నాన్న రోజూ కాఫీ తాగుతూ ఫోన్లో రేటు చదివేవాడు మరి. "ఇవాళ కాస్త దిగింది... అబ్బే, మళ్లీ ఎగిరింది! తల్లీ, నీ బీరువాలో ఉన్నది ర్యామ్ కాదే, బంగారం! అమ్మేస్తే కొత్త ఫ్రిజ్ వస్తుంది" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఇప్పుడా మాట గుర్తొచ్చేసరికి అమ్మాయి గుండీని గుప్పిట్లో బిగించింది.

అమ్మ అప్పటికే షాపుకి ఫోన్ చేసింది. రేటు విని కళ్లు తేలేసింది.

"నిన్నటి కంటే ఇంత ఎక్కువా? కాస్త తగ్గించు బాబూ."

"త్వరగా చెప్పండి మేడమ్. మీరు ఫోన్ పెట్టేలోపు ఇంకా పెరిగేట్టుంది."

నాన్న మెడలో టేపుతో గుమ్మంలోకి వచ్చాడు. "ఏం పోయింది తల్లీ?"

"నువ్వే చెప్పాలి!" అమ్మాయి లేచి గుండీ ఆయన చేతిలో పడేసింది. "ఈ ఇంట్లో గుండీలతో పనున్నది ఎవరికి? రోజూ అమ్మేద్దాం అమ్మేద్దాం అన్నదెవరు? ఏడు నెలలు నాన్నా! ఒక్క రోజు ఆగలేకపోయావా? సొంత కూతురి దగ్గరే దొంగతనమా?"

కిటికీ తెరిచే ఉంది. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"నోర్ముయ్! ఎవరితో మాట్లాడుతున్నావే?" అమ్మ కసిరింది. మూల కుర్చీలో అమ్మమ్మ ఊలు అల్లడం ఆపి తల వంచుకుంది.

నాన్న ముఖం పాలిపోయింది. చేతిలో పడిన గుండీని మాత్రం అలవాటుగా తిప్పి చూశాడు. ముప్పై ఏళ్లుగా బట్టలు కుట్టిన వేళ్లవి. గుండీ వెనకున్న చిన్న కొంకిని తడిమాడు. ఆయన పెదవి చివర చిన్న నవ్వు మెదిలింది.

"ఒంటిగంట దాకా టైమివ్వు" అన్నాడు. తర్వాత మూలకి తిరిగి, "అత్తయ్యగారూ, మందులు తెచ్చుకోవాలన్నారుగా. రండి, స్కూటర్ తీస్తాను."

"ఇప్పుడు మందులేంటండీ!" అమ్మ అరిచేలోపే స్కూటర్ వీధి మలుపు తిరిగింది.

పన్నెండూ నలభైకి తిరిగొచ్చారు. నాన్న కూతురి అరచేతిలో రెండు స్టిక్కులూ పెట్టాడు.

"ఎక్కడివి?"

"నేనే తీశాను. తప్పయింది. ముందు పని చూడు."

అమ్మాయి పళ్లు బిగబట్టి స్టిక్కులు అమర్చింది. టక్. టక్. స్విచ్ నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి, తెర వెలిగింది, మెమరీ మొత్తం కనబడింది. కోపం మర్చిపోయి, టార్చ్ పట్టుకున్న నాన్న భుజం మీద గట్టిగా ఒక్కటి చరిచింది. వెంటనే కోపం గుర్తొచ్చి చెయ్యి వెనక్కి లాక్కుంది.

అయిదుంబావుకి షాట్ వెళ్లింది. ఆరింటికి జవాబొచ్చింది.

"సోమవారం నుంచి చేరమన్నారు!"

ఇల్లు ఎగిరి గంతేసింది. అమ్మ గరిటెతోనే చప్పట్లు కొట్టబోయింది. ఆ సందడిలో అమ్మమ్మ మెల్లగా తన గదిలోకి వెళ్లి, పాత బ్యాంకు యూనిఫాం కోటు తెచ్చి మనవరాలి ముందు పరిచింది. అయిదు ఇత్తడి గుండీలుండాల్సిన చోట నాలుగే ఉన్నాయి.

"లాకర్ల గదిలో పనిచేసినన్నాళ్లూ, తాళంచెవి తీస్తే ఆ కొక్కేనికి బిళ్ల తగిలించేదాన్ని. తీసిన చోటు ఖాళీగా వదిలితే నాకు నిద్ర పట్టదే. మొన్న సున్నాలేసేవాళ్లు ఇల్లంతా తిరిగారు. మీ నాన్నేమో పొద్దున లేస్తే బంగారం, బంగారం! అందుకే నా గాజుల పక్కన, బ్యాంకు లాకర్లో..."

"మరి చెప్పొద్దూ అమ్మమ్మా?"

"లాకర్లో ఏముందో చెప్పే అలవాటుందా నాకు? చెబుదామనుకునే లోపే నువ్వు మీ నాన్న మీద విరుచుకుపడ్డావు. ఇక చెప్పాలంటే భయమేసింది."

అమ్మాయి నాన్న వైపు తిరిగింది. కళ్లు నిండాయి. "గుండీ చూడగానే తెలిసిపోయిందా నీకు? నీ మీదెందుకేసుకున్నావు నాన్నా?"

"ఆ కోటు గుండీలు ఎన్నిసార్లు బిగించానో! నీ కోపం సాయంత్రం దాకానే. అదే అత్తయ్యగారికి మనసు కష్టపడితే వారం పాటు భోజనం మానేస్తారు. ఎవరు బతిమాలతారు?"

ఆమె ఏడుస్తూ నవ్వుతూ ఆయన మెడలోని టేపుతో సహా వాటేసుకుంది. "క్షమించు నాన్నా."

"చాల్లే" అమ్మమ్మ కర్రతో నేల తట్టింది. "పొద్దున వీధంతా వినేలా అల్లుణ్ణి దొంగన్నావు. ఇప్పుడు అంతే గట్టిగా అసలు దొంగ పేరు చెప్పు. వెళ్లు!"

అమ్మాయి కిటికీ రెక్కలు బార్లా తెరిచింది. ఎదురు మేడ మీద ఆవిడ ఆరిన బట్టలు తీస్తోంది.

"ఆంటీ! దొంగ మా నాన్న కాదు! మా అమ్మమ్మ!"