పామిడి రేకుల హాల్లో వన్స్ మోర్

1962 మే 12, శనివారం. పొద్దున్నుంచీ వడగాలి. మధ్యాహ్నం మూడింటికి పడమట కారుమబ్బు లేచింది. జనం పనులు వదిలి వీధిలోకి వచ్చి చూశారు. నాలుగు చినుకులు దుమ్ములో గుంటలు పెట్టాయి, అంతే. మబ్బు మమ్మల్ని దాటి కర్నూలు దిక్కుకు వెళ్లిపోయింది. రాత్రికి అష్టమి చంద్రుడు, ఆకాశంలో దూదిపింజ కూడా లేదు.

ఇంత వివరంగా ఎట్లా చెబుతున్నానంటే, ఆ రోజు డైరీలో రాసుకున్నాను. దయ్యం సంగతి మాత్రం రాయలేదు. అనంతపురం కాలేజీలో బి.ఏ. చదివినవాడు డైరీలో దయ్యం గురించి రాస్తాడా? అందుకే ఇప్పుడు, ఎనభై దాటాక, రాస్తున్నాను.

పామిడిలో పెన్న ఒడ్డుకు పోయే దోవలో రేకుల హాలు ఉండేది. ముందు అది చెనిక్కాయల గోదాము. శివప్ప అనే వ్యాపారికి నాటకాల పిచ్చి. గోదాములో ఒక చివర అరుగు కట్టించి, తెర కట్టి, బెంచీలు వేయించాడు. నూట యాభైమంది కూర్చుంటే నిండిపోయేది.

నేను హైస్కూల్లో పంతులుగా పామిడికి వచ్చేసరికే ఆ హాలుకు తాళం పడింది. చీకటి పడితే బండివాళ్లు ఆ దోవ వదిలి పెన్న ఇసుకలో ఎద్దుల్ని ఈడ్చుకుంటూ పోయేవాళ్లు. ఎందుకప్పా అంటే —

తాళం వేసిన హాల్లో, వెనక బెంచీల వైపు నుంచి, ఒక మగగొంతు అరుస్తుందట: "వన్స్ మోర్!"

ఆ వెంటనే అరుగు మీద నుంచి ఒక ఆడమనిషి ఊపిరి తీసుకున్న చప్పుడు... పద్యం ఎత్తుకోబోయే ముందు గుండె నిండా తీసుకుంటారే, అట్లాంటి ఊపిరి.

అంతే. పద్యం వినిపించదు. విన్నవాడు ఇప్పుడు వస్తుందా, ఇప్పుడు వస్తుందా అని కాళ్లు కదలక నిలబడిపోతాడట. ఒక గొర్రెల కాపరి తెల్లవారేదాకా అట్లాగే నిలబడి ఉన్నాడని చెప్పేవాళ్లు. నేను నమ్మలేదు. ఆ దోవన మాత్రం పోలేదు.

ఇప్పటివాళ్లకు వన్స్ మోర్ అంటే ఏమిటో చెప్పాలి. పద్యం బాగా పాడితే జనం "వన్స్ మోర్" అని కేకలేసేవాళ్లు. కథ ఎక్కడున్నా ఆగేది. చచ్చిపడినవాడు కూడా లేచి, పాడి, మళ్లీ చచ్చేవాడు. అయితే అసలు తీర్పు జనానిది కాదు, హార్మోనిస్టుది. అతను మళ్లీ రాగం ఎత్తుకున్నాడంటే పాడేవాళ్లు పాడక తప్పదు. ఎత్తుకోకపోతే కేకలు కాసేపటికి చల్లారతాయి.

హాలుకు తాళం పడింది ఇట్లాంటి వన్స్ మోర్ వల్లనే. నేను విన్నది చెబుతున్నాను.

1956లో ఓబమ్మ అనే ఆమె ఆ అరుగు మీద రాణి వేషం కట్టింది. యుద్ధానికి పోయిన మొగుడి కోసం పాడుబడిన కోటలో దీపం పెట్టుకొని కూర్చున్న రాణి. ఆ పద్యం నాలుగు పాదాలు. చివరి పాదంలో — దీపంలో నూనె అయిపోయింది, అయినా వాకిలి వెయ్యను, అంటుంది. ఓబమ్మకు పది రోజులుగా జ్వరం, దగ్గు. ఒకసారి పాడింది. వన్స్ మోర్ అన్నారు, పాడింది. మళ్లీ అన్నారు.

హార్మోనిస్టు మస్తాన్ వలి మూడోసారి రాగం ఎత్తుకున్నాడు.

మూడు పాదాలు పాడి ఓబమ్మ ఆగింది. నాలుగో పాదానికి ఊపిరి తీసుకుంది... ఆ ఊపిరి పాట కాలేదు. తెల్లవారకముందే పోయింది. తెర పక్కన నిలబడి చూస్తున్న కూతురు ఆంజినమ్మకు అప్పుడు పదకొండేళ్లు.

మస్తాన్ వలి దర్జీ. పగలు కుట్టుమిషను తొక్కేవాడు, రాత్రి కాళ్ల హార్మోనియం తొక్కేవాడు. ఓబమ్మ ఆయన్ను అన్నా అనేది, వాళ్లింట్లోనే తినేది. ఆ రాత్రి తర్వాత ఆయన హార్మోనియం పెట్టె తెరవలేదు. ఆరేళ్లు ఉత్త మిషనే తొక్కాడు.

ఆ ఆరేళ్లలో ఆంజినమ్మ నా దగ్గర చదివి స్కూలు ఫైనలు పాసైంది. అనంతపురంలో టీచరు ట్రైనింగుకు పంపే దిక్కు లేదు. అవ్వ నారాయణమ్మకు కూలే ఆధారం. అప్పుడు మస్తాన్ వలి నా దగ్గరికి వచ్చి, ఆ పిల్ల కోసం బెనిఫిట్ నైటు వాయిస్తాను, టిక్కెట్ల దుడ్లన్నీ ఆ పిల్లకే, అన్నాడు. అదీ ఆ హాల్లోనే.

"వేరే చోటు దొరకలేదా, మస్తానన్నా?" అన్నాను.

"ఆడనే వాయించాల సార్. ఆయమ్మను ఆడనే గదా నిలబెట్టినాను."

దారం కొస నోట్లో తడుపుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఆ పొద్దు ఓబమ్మ నా పక్క చూసింది సార్. 'వద్దు అన్నా' అన్యట్ల చూసింది. నేను చూడలేదని అందరికీ చెప్పినా. చూసినాను. చూసే ఎత్తుకున్యాను."

"ఎందుకు?"

"నాకే ఇంగొకసారి వినాల అనిపించింది."

ఆయనకు కావలసింది ఒక్కటే. ఆ పిల్ల తనను మామా అని పిలవాలి. ఆరేళ్లుగా ఆమె దర్జీ అంగడి ముందు తల తిప్పుకొని నడిచేది.

నేను పోయి చెబితే ఆంజినమ్మ ఒక్కసారిగా లేచింది.

"ఆ పెట్టె మోగితేనే మాయమ్మ సచ్చింది. ఆ పెట్టె దుడ్లతో నేను సదవాల్నా సార్?"

"నోరు ముయ్యే! సదవకుంటే గడ్డపార పట్టుకుంటావా, కరువు పనికి?" అంది నారాయణమ్మ. "పోయి చూసి రా. నీ కాళ్లేం అరిగిపోవు."

చివరికి ఆంజినమ్మ ఒక షరతు మీద ఒప్పుకుంది. ఎవరికీ కనబడకుండా తెర పక్కన, ఆరేళ్ల కిందట నిలబడిన చోటే నిలబడతాను అంది.

ఆ రాత్రి తబలా వాయించే గురప్పకు ఉన్నట్టుండి అత్తకు జబ్బు చేసింది. గుంతకల్లు నుంచి మైకు తెస్తున్నవాడు ఏ హాలో తెలుసుకొని పెన్న దాటకుండానే వెనక్కి తిరిగాడు. ఇక మిగిలింది ఒక మనిషి, ఒక పెట్టె. మగవాళ్లు బెంచీల మీద, ఆడవాళ్లు ముందర చాపల మీద, అంతా కలిసి నలభైమంది. సగంమంది పాటకు వచ్చారు, సగంమంది దయ్యానికి వచ్చారు.

మస్తాన్ వలి భార్య ఖైరున్నీసా చాప మీద ముందుకొచ్చి కూర్చుంది. పక్కామె గుసగుసగా, "భయం ల్యాదా నీకు?" అంటే —

"దయ్యమైతే ఏంలే! మా ఇంట్లో అన్నం తిని పోయిన దయ్యమే గదా," అంది.

శివప్ప రెండు పెట్రోమాక్సు లైట్లు కట్టించాడు. ఒకటి అరుగు మీద, ఒకటి వాకిలి దగ్గర. పగటి వేడికి రేకులు ఇంకా టప్‌మంటూ చప్పుడు చేస్తున్నాయి.

మస్తాన్ వలి కూర్చున్నాడు. పెడళ్ల మీద కాళ్లు పెట్టాడు. శృతి ఇచ్చాడు.

ఆడవాళ్లలో ఒక ముసలామె ఉలిక్కిపడింది. "ఏమే... ఇది ఓబమ్మ శృతి గదే!"

ఒక్కో గొంతుకు ఒక్కో శృతి ఉంటుంది. తాను పాడనివాడు ఏ శృతిలోనైనా వాయించుకోవచ్చు. ఆరేళ్ల తర్వాత పెట్టె తెరిస్తే వేళ్లు పాతచోటికే పోయాయి. ఆ మాట ఆయనకూ వినబడింది. ఒక క్షణం ఆగాడు. శృతి మాత్రం మార్చలేదు.

గంటసేపు వాయించాడు. ఎంత బాగా వాయించాడో నేను చెప్పలేను. సంగీతం నాకు పెద్దగా తెలియదు. మా నాయన నేర్పిస్తానంటే, వద్దని గణితం నేర్చుకున్నాను, అదీ రాలేదు. మైకు లేదు కాబట్టి గాలితిత్తి ఆడే చప్పుడు కూడా వినిపించేది. మనిషి ఆయాసపడుతున్నట్టుండేది. చివరికి ఆ పద్యం ఎత్తుకున్నాడు.

మొదటి పాదం... రెండో పాదం... మూడోది.

నాలుగో పాదం దగ్గర చేతులు పైకెత్తి ఆగాడు.

నాకు అప్పుడు అర్థం కాలేదు. పద్యంలో హార్మోనిస్టు ముందు పోడు. గొంతు ముందు, పెట్టె వెనక. ముప్పై ఏళ్ల అలవాటు. అది తానొక్కడే వాయిస్తున్న రాత్రి అని మరిచిపోయి, ఓబమ్మ ఎత్తుకుంటుందని ఆగాడు.

లైటు బుస్సుమంటోంది. కాళ్లు తొక్కుతున్నాయి. చేతులు గాలిలో ఉన్నాయి —

ఊపిరి తీసుకున్న చప్పుడు.

గుండె నిండా... నిదానంగా...

తర్వాత గొంతు. సన్నగా, తెర పక్క నుంచి. నూనె అయిపోయింది, వాకిలి వెయ్యను... మస్తాన్ వలి చేతులు కిందికి దిగాయి. పెట్టె ఆ గొంతు వెంటే నడిచింది, ఆవు వెంట దూడ నడిచినట్టు. పాదం పూర్తయింది.

అప్పటిదాకా బిగుసుకుపోయిన జనం ఒక్కసారిగా లేచి బయటికి పరుగెత్తారు. బెంచీలు పడ్డాయి. ఎవరో తగిలి వాకిలి దగ్గర లైటు ఆరిపోయింది. మిగిలింది నేను, శివప్ప, చాప మీద కళ్లు మూసుకొని ఖైరున్నీసా.

అప్పుడు నా వెనక నుంచి —

"వన్స్ మోర్!"

తిరిగి చూశాను. వెనకంతా చీకటి. చివరి బెంచీ మీద వెన్నెల పడుతోంది. అక్కడ ఎవరూ లేరు.

అరుగు మీద మళ్లీ ఊపిరి తీసుకున్న చప్పుడు. ఈసారి కష్టంగా, మధ్యలో తెగుతూ...

మస్తాన్ వలి కాళ్లు ఇంకా పెడళ్ల మీదే ఉన్నాయి. నేను ఆ కాళ్లనే చూస్తున్నాను. తొక్కుతాడా? ఆయన మొహం చూస్తే, ఇంకొక్కసారి వింటే చాలు, చచ్చిపోయినా పర్వాలేదు అన్నట్టుంది.

ఆయన ఒక కాలు తీశాడు. రెండో కాలు తీశాడు. రెండూ నేల మీద పెట్టుకున్నాడు. గాలి అయిపోయిన పెట్టె సన్నగా మూలిగి ఆగింది.

"లేదప్పా," అన్నాడు చీకట్లోకి చూసి. "వన్స్ మోర్ లేదు."

తర్వాత తెర వైపు తిరిగాడు.

"చాలు చెల్లీ. ఇంగ పాడొద్దు. ఇంటికి పో."

ఎవరో ఊపిరి వదిలినట్టు... పొడుగ్గా, తేలిగ్గా... రేకుల కింద గాలి కదిలింది.

తెర కదిలింది. వచ్చింది ఆంజినమ్మ. చెంపలు తడిసి ఉన్నాయి. నేరుగా నడిచి వచ్చి, హార్మోనియం మడిచిపెట్టి, ఒక పిడి పట్టుకుంది.

"ఆ పక్క నువ్వు పట్టుకో మామా. బరువుండాది."

నాకు అంతా తేటపడింది. పాడింది ఆ పిల్లే! తల్లి గొంతు వచ్చి ఉంటుంది. వెనక నుంచి అరిచింది పారిపోతూ ఎవరో పోకిరి. మర్నాడు ఊరంతా తిరిగి చెప్పాను. జనం నవ్వుకున్నారు. జూన్లో ఆంజినమ్మ ట్రైనింగుకు పోయింది. ఆ తర్వాత రేకుల హాల్లో ఎవరికీ ఏమీ వినబడలేదు. బండ్లు ఆ దోవనే పోయేవి.

ఐదేళ్లకు, 1967లో, మస్తాన్ వలి నిద్రలోనే పోయాడు. ఆంజినమ్మ అప్పటికి విడపనకల్లులో టీచరు. కబురందగానే వచ్చింది. మగవాళ్లు ఖననానికి పోయి వచ్చాక, దర్జీ అంగడి అరుగు మీద ఇద్దరం కూర్చున్నాం. ఏదో ఒకటి మాట్లాడాలని అన్నాను.

"ఆ రాత్రి నువ్వు పాడి మంచి పని చేసినావమ్మా."

ఆమె నా వైపు తిరిగింది.

"నేను పాడలేదు సార్."

"గొంతు తెర పక్క నుంచే గదమ్మా వచ్చింది?"

"మొదట్నుంచీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకోని నిలబడినా. ఏడుపు బయటికి వస్తాదని. నా పక్కనే వినబడింది సార్. మూరెడు దూరంలో. చీర వాసన కూడా వచ్చింది."

"మరి... ఆయనకు తెలుసా?"

"ఆ పొద్దే దోవలో అడిగినాడు. పాపా, పాడింది నువ్వేనా, అని. నేనే మామా, అన్యాను. పెట్టె కింద పెట్టి, దోవలోనే కూచోని ఏడ్చినాడు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "నేనే అనకపోతే, మాయమ్మ ఇంగా ఆడనే నిలబడుకోని ఉండాదని అనుకుంటాడు గదా సార్. ఆయప్పకు నిద్ర యాడ పడుతుంది?"

మస్తాన్ వలికి పిల్లలు లేరు. కుట్టుమిషను, అంగడి ఆయన అన్న కొడుకు ఇమాం హుస్సేన్‌కు వచ్చాయి. ఇల్లు ఖైరున్నీసాకు. హార్మోనియం ఆంజినమ్మకు. విడపనకల్లు బడిలో పొద్దున ప్రార్థనకు దాన్ని ఆమే వాయించేది, శృతి మాత్రం మార్చలేదు. శివప్ప పోయాక హాలు రేకులు పెద్దకొడుకు, జాగా చిన్నకొడుకు పంచుకున్నారు. బెంచీలు మా స్కూలుకిచ్చారు. నా వంతుకు ఆంజినమ్మ చెప్పిన ఆ 'నేనే' అనే మాట వచ్చింది. ఖైరున్నీసా ఉన్నన్నాళ్లూ దాన్ని బయటపెట్టలేదు.

చివరి బెంచీ నుంచి అరిచిన ఆ గొంతుకు మాత్రం ఏమీ రాలేదు.